బాట్‌లో బిల్లు, "తర్వాత సర్దుకుందాం" అంటున్న వియ్యంకులు

ఉత్తరం: అన్నయ్యగారికి నమస్కారం. మాది చెన్నై, కొళత్తూరు. మా మామగారి కాలంలో నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. అబ్బాయి వాళ్లది బెంగళూరు. పిల్లలిద్దరూ పట్టుబట్టి థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో సముద్రం పక్కన ఒక రిసార్ట్ ఖాయం చేశారు. వాళ్లు 15 లక్షల బాట్ (అక్కడి కరెన్సీ) అని కొటేషన్ పంపారు (ఫొటో జత చేశాను). మార్చి 20 లోపల 30 శాతం, ఆగస్టులో 40 శాతం, పెళ్లికి నెల ముందు మిగతా 30 శాతం కట్టాలంట. ఖర్చు చెరిసగం అనుకున్నాం, కానీ వియ్యంకులుగారు "మీరు మొత్తం కట్టేయండి, తర్వాత సర్దుకుందాం" అంటున్నారు. బ్యాంకులో అడిగితే 20 శాతం టాక్స్ పడుద్దని భయపెట్టారు. మావారి ఫ్రెండ్ ఒకాయన ఇక్కడ క్యాష్ ఇస్తే అక్కడ బాట్ కట్టిస్తా, టాక్స్ గీక్స్ ఉండదు అంటున్నారు. డల్లాస్‌లో ఉండే పెళ్లికొడుకు అన్న "నా కార్డు మీద కట్టేస్తా, మీరు ఇక్కడ మా నాన్నకి రూపాయలు ఇచ్చేయండి" అంటున్నాడు. ప్లానర్ అమ్మాయేమో "అన్నీ నాకే రూపాయల్లో ఇచ్చేయండి, బాట్ 2 రూపాయల 98 పైసలు లెక్క" అంటోంది. గూగుల్‌లో 2.80 చూపిస్తోంది. ఏ దారిలో పోవాలో తోచట్లేదు, ఈ ఆదివారం వియ్యంకులు మాట్లాడడానికి వస్తున్నారు.

జవాబు:

చెల్లెమ్మా, టాక్స్ సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు ఆ కొటేషన్ చేతిలోకి తీసుకోండి. 15,00,000 అన్న అంకె పక్కన చిన్నగా రెండు ప్లస్ గుర్తులున్నాయి చూశారా. మీ ఉత్తరంలో వాటి ఊసే లేదు, ఫొటో పంపారు కాబట్టి నా కంట పడ్డాయి. థాయిలాండ్ హోటళ్లలో ఆ ప్లస్ ప్లస్ అంటే సర్వీస్ చార్జి 10 శాతం, ఆ పైన వ్యాట్ 7 శాతం వేరే అని అర్థం. ముందు 10 కలుపుతారు, కలిపిన మొత్తం మీద మళ్ళీ 7 వేస్తారు, అందుకే 17 కాదు 17.7 అవుద్ది. అంటే మీ 15 లక్షల బాట్ కాస్తా 17 లక్షల 65 వేల 500 బాట్. బాట్ 2 రూపాయల 80 పైసలు అనుకుంటే మీరు 42 లక్షల లెక్కలో ఉన్నారు, అసలు బిల్లు 49 లక్షల 43 వేలు. ఇంకా బ్యాంకు గడప తొక్కకముందే 7 లక్షల 43 వేలు పెరిగిపోయింది, ఇందులో ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు.

కాబట్టి రిసార్ట్ వాళ్లకి ఇవాళే మెయిల్ పెట్టించండి, "అన్నీ కలిపి నెట్ ఎంత" అని ఒకే అంకె రాసివ్వమనండి. అదే మెయిల్‌లో ఇంకో రెండు మూడు అడగండి. మన వంటవాళ్లని తెచ్చుకుంటే కిచెన్ వాడుకున్నందుకు వేరే చార్జి ఉందా, హోమానికి నిప్పు వెలిగించడానికి ఒప్పుకుంటారా, రాత్రి ముహూర్తం అయితే మేళం ఎన్ని గంటల దాకా వాయించనిస్తారు, ఆ టైం దాటితే గంటకి ఎంత. మాఘంలో ముహూర్తాలు తెల్లవారుజాము మూడుకీ నాలుక్కీ కూడా పడతాయి కదా, ఆ వేళకి సన్నాయి వాయిస్తే పక్క విల్లాలో దిగిన జర్మనీ ఆయన ఊరుకుంటాడా. నవ్వులాటకి అంటున్నా అనుకోకండి, ఇవన్నీ చివర్న బాట్ బిల్లులోకే వచ్చి కూర్చుంటాయి.

నేను రిటైర్ అయ్యేదాకా ముప్పై ఏళ్ల పైన బ్యాంకులో, అందులో చాలా భాగం ఫారిన్ ఎక్స్‌చేంజ్ డెస్క్ మీదే కూర్చున్నా. అక్కడ పెళ్లివాళ్లని చూసీ చూసీ నాకు అర్థమైంది ఏంటంటే, జనం తిరిగొచ్చే డబ్బు గురించి నిద్ర మానేస్తారు, తిరిగిరాని డబ్బుని మాత్రం కళ్ళు మూసుకుని వదిలేస్తారు. మీ బ్యాంకు వాళ్లు చెప్పిన 20 శాతం తిరిగొచ్చే రకం. దాన్ని టీసీఎస్ అంటారు. అది వేరే కొత్త పన్నేమీ కాదు, బావగారి పాన్ మీద ముందే పట్టుకుని జమ చేసే ఇన్‌కం టాక్స్, అంతే. రిటర్న్ వేసినప్పుడు ఆయన కట్టాల్సిన టాక్స్‌లో తగ్గించుకోవచ్చు, ఎక్కువుంటే రీఫండ్ వస్తుంది. పైగా అది మొత్తం మీద కాదు. 2025 ఏప్రిల్ నుంచి ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకి పంపిన దాంట్లో మొదటి 10 లక్షలకి ఏమీ పట్టరు, ఆ పైన దాటిన దాని మీదే 20 శాతం. అంతకుముందు ఈ గీత 7 లక్షల దగ్గర ఉండేది, మీకు చెప్పిన కుర్రాడు బహుశా ఆ పాత లెక్కలోనే ఉన్నాడేమో.

పంపొచ్చా లేదా అన్న అనుమానమే అక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ అనే స్కీం కింద మనిషికి ఏడాదికి 2 లక్షల 50 వేల డాలర్ల దాకా పంపుకోవచ్చు, మీ బిల్లు అందులో పావు వంతు కూడా ఉండదు. 2004లో ఇది మొదలైనప్పుడు 25 వేల డాలర్లే. 2013 ఆగస్టులో రూపాయి జారిపోతుంటే 2 లక్షల నుంచి ఒక్కసారిగా 75 వేలకి కోసేశారు, ఆ వారం మా డెస్క్ ముందు పడిన తిట్లు నాకింకా చెవుల్లో ఉన్నాయి. మే నెలలో 55 దగ్గరున్న డాలర్ ఆగస్టు 28కి 68 దాటింది. ఇదెందుకు చెప్తున్నానంటే మీరు ఇప్పుడు ఫిబ్రవరిలో వేసుకున్న లెక్క జనవరికి అలాగే ఉంటుందని అనుకోకండి, మొత్తం మీద ఓ 5 శాతం పక్కన పెట్టుకోండి, మిగిలితే అమ్మాయికే ఇవ్వండి.

ఇప్పుడు వియ్యంకుల సంగతి. నా లెక్కలో మీ ఉత్తరం మొత్తానికి అసలు ప్రశ్న ఇదే, మీరేమో మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. 49 లక్షల 43 వేలూ బావగారి ఖాతా నుంచి ఒకే ఆర్థిక సంవత్సరంలో వెళ్తే 10 లక్షలు పోగా 39 లక్షల 43 వేల మీద 20 శాతం, అంటే దాదాపు 7 లక్షల 89 వేలు టీసీఎస్ పట్టేస్తారు. మీ విడతల ప్రకారం మార్చి 30 శాతం ఈ ఏడాది, మిగతాది వచ్చే ఏడాది వెళ్తే రెండుసార్లు 10 లక్షలు పోతాయి కాబట్టి దాదాపు 5 లక్షల 89 వేలు. అది తిరిగొచ్చేదే, నిజమే, కానీ ఏప్రిల్, మే నెలల్లో కడితే రిటర్న్ వేసి రీఫండ్ చేతికి వచ్చేసరికి ఏడాది దాటి ఇంకో మూడు నాలుగు నెలలు పడుద్ది. పెళ్లి పెట్టుకున్న ఇంట్లో అన్ని లక్షలు అన్నాళ్లు ఇరుక్కుపోతే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. వియ్యంకులు "తర్వాత" సర్దేటప్పుడు అందులో సగం మాకెందుకు, అది మీకు తిరిగొచ్చేదే కదా అంటారు, వాళ్ల మాటా తప్పు కాదు. మరి ఏ రోజు రేటుతో సర్దుతారు? మీరు కట్టిన రోజు 2.85, వాళ్లు ఇచ్చే రోజు గూగుల్‌లో 2.78 ఉందనుకోండి, మీరు పైసల లెక్క తీస్తే పిసినారి వాళ్లంటారు, తీయకపోతే మీ చేతి చమురు. కొత్త చుట్టరికంలో ఈ తలనొప్పి ఎందుకు చెప్పండి.

రిసార్ట్ వాళ్లని రెండు ఇన్వాయిస్‌లు ఇమ్మనండి, ఒకటి బావగారి పేరు మీద, ఒకటి వియ్యంకుడుగారి పేరు మీద, సగం సగం. హోటళ్లకి ఇది మామూలే, కాదనరు. అప్పుడు ఎవరి సగం వాళ్లు వాళ్ల బ్యాంకు నుంచే నేరుగా పంపుకుంటారు, ఎవరి రేటు వాళ్లది, ఎవరి టీసీఎస్ వాళ్లది.

అలా చేస్తే మీ భాగం ఎంత తేలికైపోద్దో చూడండి. మీ సగం 24 లక్షల 72 వేలు. మార్చిలో కట్టే 30 శాతంలో మీ వాటా సుమారు 7 లక్షల 42 వేలు, ఇది మార్చి 31 లోపల వెళ్తుంది కాబట్టి ఈ ఆర్థిక సంవత్సరం లెక్కలోకి పోతుంది, 10 లక్షల లోపే, టీసీఎస్ సున్నా. ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ కొత్త 10 లక్షలు. ఆగస్టు వాటా 9 లక్షల 89 వేలు, ఇది కూడా లోపలే కానీ అంచు మీద ఉంది, బాట్ నాలుగు పైసలు పెరిగినా 10 దాటేస్తుంది. దాటితే కొంపేమీ మునగదు, దాటిన రెండు మూడు వేల మీదే 20 శాతం, ఓ ఐదారు వందలు. 10 దాటగానే మొత్తం మీద పడుద్దని చాలామంది అనుకుంటారు, అలా కాదు. చివరి 7 లక్షల 42 వేలు మీ ఖాతా నుంచి, మీ పాన్ మీద పంపండి, మీకూ విడిగా 10 లక్షలు ఉన్నాయి కదా. మీ పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దానికి వాడుకోండి, లేకపోతే బావగారు మీ ఖాతాకి వేయొచ్చు, భార్యాభర్తల మధ్య గిఫ్ట్‌కి టాక్స్ లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, విదేశీ ప్రయాణం ఖర్చు ఏడాదిలో 2 లక్షలు దాటితే ఆదాయం లేకపోయినా రిటర్న్ వేయాలని రూల్ ఉంది, కాబట్టి ఆ ఏడాదికి మీ పేరు మీద కూడా ఒక రిటర్న్ వేయించేయండి, మీ ఆడిటర్‌కి అది గంట పని.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ 10 లక్షల్లో పెళ్లి డబ్బు ఒక్కటే కాదు, ఆ ఏడాది ఆ పాన్ మీద ఏ బ్యాంకు నుంచి ఏం పంపినా అన్నీ కలుస్తాయి. బావగారు ఫోన్‌లో ఏదైనా యాప్ పెట్టుకుని అమెరికా షేర్లు కొంటున్నారేమో అడగండి, ఈ మధ్య అంబత్తూరు నుంచి అడయారు దాకా ప్రతి ఇంట్లోనూ ఒకరు కొంటున్నారు, భార్యలకి తెలియదు. బ్యాంకు వాళ్లు ఎ2 ఫారంతో (విదేశాలకి డబ్బు పంపే దరఖాస్తు) పాటు డిక్లరేషన్ రాయించుకుంటారు, అందులో ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఒకవేళ ఎక్కడైనా టీసీఎస్ పడిందే అనుకోండి, బావగారు జీతం మనిషైతే ఆఫీసులో చెప్పుకుంటే నెల నెలా కోసే టీడీఎస్‌లో దాన్ని సర్దుతారు, 2024 అక్టోబరు నుంచి ఆ వీలు వచ్చింది, రీఫండ్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఇక తిరిగిరాని డబ్బుకి వద్దాం, అంటే రేటు. గూగుల్‌లో కనపడే 2.80 మీకూ నాకూ ఇచ్చే రేటు కాదు, అది బ్యాంకులు బ్యాంకులు మాట్లాడుకునే రేటు. పొద్దున్నే బ్రాంచికి ఒక రేట్ల కాగితం వస్తుంది, దాన్ని కార్డ్ రేట్ అంటారు, అడగని వాళ్లందరికీ అదే వేస్తారు. నేనూ వేశాను, దాచేదేముంది. 7 లక్షలు పంపే కస్టమర్ వచ్చి "సార్ ఇది కార్డ్ రేటా, డీల్ రేట్ అడగండి" అంటే మేము ట్రెజరీకి, అదే బ్యాంకులో రేట్లు చూసే విభాగానికి, ఫోన్ చేసేవాళ్లం, రెండు నిమిషాల పని, నాలుగైదు పైసలు తగ్గేది. అయిదు పైసలే కదా అనుకోకండి, 17 లక్షల 65 వేల బాట్ మీద అయిదు పైసలు అంటే 88 వేల రూపాయలు, మీ సగం మీద 44 వేలు. పోతీస్‌లో పట్టుచీర దగ్గర అయిదు వందలకి అరగంట బేరం ఆడతాం, ఇక్కడ 44 వేలకి నోరు తెరవం. రెండు బ్యాంకుల్లో, రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్న ఒక ఫారెక్స్ కంపెనీలో ఒకే రోజు ఒకే గంటలో అడగండి, "7 లక్షల 42 వేలకి మొత్తం చార్జీలన్నీ పోను అక్కడ ఎన్ని బాట్‌లు చేరతాయి" అని. ఆ ఒక్క అంకె పోల్చుకుంటే చాలు, కమిషన్ లేదు, ఫీజు లేదు అనే కబుర్లు వినక్కర్లేదు, లేనిదంతా రేటులోనే ఉంటుంది. కొన్ని బ్యాంకులు రూపాయిని ముందు డాలర్ చేసి ఆ డాలర్‌ని బాట్ చేస్తాయి, రెండు చోట్లా కొంచెం కొంచెం గీరతాయి, అదీ అడగండి. మారకం మీద జీఎస్టీ కూడా ఉంటుంది కానీ అది 7 లక్షల 42 వేలకి 760 రూపాయల లోపే, దాని గురించి తల పగలగొట్టుకోకండి.

పంపేటప్పుడు ఫారంలో చార్జీలు ఎవరు భరిస్తారు అనే గడి ఒకటి ఉంటుంది, అక్కడ పంపేవాళ్లే భరిస్తారు అనేది టిక్ పెట్టించండి. లేకపోతే దారిలో ఉండే మధ్య బ్యాంకు తన 15, 20 డాలర్లు కోసుకుని మిగతాది పంపుతుంది. నా మేనకోడలు పెళ్లి రిసెప్షన్ సింగపూర్‌లో పెట్టుకున్నప్పుడు ఇంత అనుభవం ఉన్న నేనే ఆ గడి చూడకుండా సంతకం పెట్టా, అడ్వాన్స్ 20 డాలర్లు తక్కువ చేరింది, ఆ హోటల్ వాళ్లు పూర్తి అమౌంట్ రాలేదు కాబట్టి హాలు బ్లాక్ చేయలేం అని మెయిల్ పెట్టారు, మా చెల్లెలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. డబ్బు వెళ్లిన రోజే బ్యాంకులో స్విఫ్ట్ కాపీ, అంటే పంపినట్టు రుజువు కాగితం, అడిగి తీసుకుని హోటల్‌కి మెయిల్ చేయండి, వాళ్ల దగ్గర్నుంచి "పూర్తిగా ముట్టింది" అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. మన కోడంబాక్కంలో మండపానికి అడ్వాన్స్ ఇచ్చి మేనేజర్ దగ్గర పచ్చ కాగితం మీద రసీదు తీసుకున్నట్టు ఇక్కడ కుదరదు.

దీనికంటే ముఖ్యం, డబ్బు ఎవరి ఖాతాకి వెళ్తోందో చూసుకోవడం. నా సర్వీసు ఆఖరి ఏడాదిలో ఒకాయన పిల్లాడి పెళ్లికని ఇలాగే ఒక ఇన్వాయిస్ పట్టుకొచ్చారు. లోగో ఉంది, స్టాంపు ఉంది, సంతకం ఉంది. కిందకి వచ్చి చూస్తే స్విఫ్ట్ కోడ్‌లో, అంటే అవతలి బ్యాంకుని గుర్తించే కోడ్‌లో, అయిదో, ఆరో అక్షరాలు దేశాన్ని చెప్తాయి కదా, అవి థాయిలాండ్‌వి కావు. హోటల్ ఒక దేశంలో, ఖాతా ఇంకో దేశంలో. ఇదేంటండీ అంటే "మొన్ననే మెయిల్ వచ్చింది, పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఇందులో వేయమన్నారు" అన్నారు ఆయన, పైగా నేను లేట్ చేస్తున్నానని విసుగు. అక్కడే కూర్చోబెట్టి హోటల్ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి నా టేబుల్ మీది ఫోన్ నుంచే చేయించా. అవతలి అమ్మాయికి ఆ మెయిల్ సంగతే తెలియదు. ఎవడో వాళ్ల మెయిళ్ల మధ్యలో దూరి ఖాతా మార్చి పంపాడు. ఆయన ముఖం తెల్లబోయింది, మంచినీళ్లు తెప్పించి ఇచ్చా. విదేశీ ఖాతాకి పంపేటప్పుడు నంబరూ పేరూ సరిపోయాయా అని అవతలి బ్యాంకు కచ్చితంగా చూస్తుందన్న నమ్మకం లేదు, పోయిన డబ్బుని వెనక్కి రప్పించడం దాదాపు అయ్యే పని కాదు. కాబట్టి ప్రతి విడతకీ ముందు, మూడు విడతలకీ, మెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాకుండా మీరు విడిగా వెతికి పట్టుకున్న నంబర్‌కి ఫోన్ చేసి ఖాతా నంబరు చదివించుకోండి. రిసార్ట్ పేరు ఒకటి, ఖాతాలో కంపెనీ పేరు ఇంకొకటి ఉంటే దానికి కంగారు పడకండి, అక్కడ బోర్డు మీద పేరు వేరు, యజమాని కంపెనీ వేరు ఉండడం మామూలే, కానీ ఆ కంపెనీ పేరు కాంట్రాక్టులో కూడా ఉండి తీరాలి.

బావగారి ఫ్రెండ్‌కి ఒక దణ్ణం పెట్టి పంపించేయండి. ఆయన చెప్తున్నది హవాలా, ఇంకో పేరు లేదు. ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం, కింద దొరికితే ఆ మొత్తానికి మూడింతల దాకా పెనాల్టీ వేయొచ్చు. అంతకంటే నాకు భయం ఏంటంటే, అక్కడ మీ పేరున కట్టే బాట్ ఎక్కడి నుంచి వచ్చిన డబ్బో మీకు తెలియదు, ఎవర్నో మోసం చేసి తెచ్చిందైతే హోటల్ ఖాతాని పోలీసులు ఆపేస్తారు, పెళ్లి మధ్యలో మీ బుకింగ్ ఆగుద్ది. చేతిలో రసీదు లేదు, ఎవరి మీద అరుస్తారు.

డల్లాస్ అబ్బాయి మంచి మనసుతో అన్నాడు, సందేహం లేదు. తమ్ముడి పెళ్లికి నా బహుమతి అని తన డబ్బుతో తను కట్టేస్తే ఏ గొడవా లేదు, పెళ్లి సందర్భంగా వధూవరులకి వచ్చే కానుకలకి ఎలాగూ టాక్స్ లేదు. కానీ "నేను అక్కడ డాలర్లు కడతా, మీరు ఇక్కడ మా నాన్నకి రూపాయలు ఇవ్వండి" అనేది బహుమతి కాదు, బ్యాంకుని దాటించి చేసే మారకం, చుట్టాల మధ్య జరిగినా అది ఫెమాకి నచ్చే పని కాదు. ఆ అబ్బాయితో మెత్తగా చెప్పండి, నువ్వు కట్టేదేదో మీ నాన్నగారి సగంలో గిఫ్ట్‌గా కట్టు బాబూ, మా సగం మేమే పంపుతాం అని.

ప్లానర్ అమ్మాయి 2.98 అంటోంది. మీ గూగుల్ రేటుకీ దానికీ తేడా 18 పైసలు, మొత్తం బిల్లు మీద దాదాపు 3 లక్షల 18 వేలు. ఆవిడ ఫీజు వేరే ఉంది కదా, ఇది ఫీజు మీద ఫీజు. ఆవిడ ఫీజు ఆవిడకి రూపాయల్లో ఇవ్వండి, రిసార్ట్ బిల్లు రిసార్ట్‌కే పంపండి. ఆవిడ "టూర్ ప్యాకేజీగా బిల్లు వేస్తే టీసీఎస్ 2 శాతమే" అని కూడా అనొచ్చు. 2026 బడ్జెట్‌లో విదేశీ టూర్ ప్యాకేజీల మీద అలా తగ్గించిన మాట నిజమే, కానీ ఆ 2 శాతం మొదటి రూపాయి నుంచీ పడుద్ది, మీకు పైన చెప్పిన లెక్కలో అసలు సున్నాయే. పైగా పూలు, స్టేజి, పాలవెల్లి, భోజనాలు అన్నీ కలిపి టూర్ అని రాస్తే చెల్లుతుందా అన్నది ఆడిటర్ తేల్చాలి, ప్లానర్ కాదు.

అక్కడికి వెళ్లాక అయ్యే ఖర్చులు, అంటే మేకప్ వాళ్లు, వ్యాన్లు, గంటలు దాటిన మేళం, వీటికి కార్డు వాడుకోవచ్చు. విదేశాల్లో ఉండగా క్రెడిట్ కార్డు మీద పెట్టే ఖర్చుని ఎల్‌ఆర్‌ఎస్‌లో కలుపుతాం అని 2023 మేలో ప్రకటించి జూన్ 28న వాయిదా వేశారు, కాబట్టి దాని మీద టీసీఎస్ లేదు. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు మాత్రం లెక్కలోకి వస్తాయి. ఇది విని చాలామంది ఎగిరి గంతేసి మొత్తం బిల్లు క్రెడిట్ కార్డు మీద గీసేస్తారు, మీ ఫ్రెండ్స్‌లో కూడా ఎవరో ఒకరు చెప్తారు చూడండి. మామూలు కార్డులకి విదేశీ మార్కప్, అంటే మారకం మీద వేసే అదనపు చార్జి, 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13 శాతం. 49 లక్షల 43 వేల మీద అది 2 లక్షల 4 వేలు, పోతే పోయినట్టే. మొత్తం బావగారి ఖాతా నుంచే ఒకే ఏడాదిలో వెళ్లి 7 లక్షల 89 వేల టీసీఎస్ పట్టుకున్నా మీకు నిజంగా నష్టం ఆ డబ్బు మీద పోయే వడ్డీ, 7 శాతం లెక్కన 16 నెలలకి 73 వేల పైచిలుకు. ఏది ఎక్కువో మీరే చూడండి. మార్కప్ లేని కార్డులు కూడా ఉన్నాయి, అమ్మాయి దగ్గర అలాంటిది ఉండే ఉంటుంది, ఐటీ పిల్లలకి ఇవి బాగా తెలుసు. అక్కడ కార్డు గీసేటప్పుడు మెషీన్ మీద "రూపాయల్లో కడతారా, బాట్‌లోనా" అని అడుగుద్ది, రూపాయలు కనపడగానే మన దేశం నోటుని చూసినంత సంతోషంగా నొక్కేస్తారు మనవాళ్లు, నొక్కకండి, బాట్‌నే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు ఆ మెషీన్ వాడిది, వాడి ఇష్టం.

నోట్లు మనిషికి ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకా తీసుకెళ్లొచ్చు, పంతులుగారికీ మేళం వాళ్లకీ సంభావనలకి అవి చాలు. ఇక్కడ ఫారెక్స్ కొనేటప్పుడు 50 వేల రూపాయలు దాటితే చెక్కో ట్రాన్స్‌ఫరో ఉండాలి, క్యాష్ తీసుకోరు. నగలు ఎన్ని పట్టుకెళ్తున్నారో రాయలేదు, వడ్డాణం, జడ, కాసుల పేరు అన్నీ వెళ్తాయనే అనుకుంటున్నా, అయితే వెళ్లే రోజు ఓ రెండు గంటలు ముందే మీనంబాక్కం చేరి కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, బరువులతో సహా. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మీ అత్తగారి కాసుల పేరు మీదే అని మీరు నిరూపించుకోవాల్సి వస్తుంది.

ఆదివారం వియ్యంకులు వస్తున్నారన్నారు కదా. ఆ లోపల రిసార్ట్ దగ్గర్నుంచి రెండు పేర్ల మీద రెండు ఇన్వాయిస్‌లు, నెట్ అంకెతో, తెప్పించి ప్రింట్ తీసి ఉంచండి. మాట మీరు ఎత్తకండి, బావగారిని ఎత్తమనండి, అదీ టిఫిన్లు అయ్యాక. "మొత్తం నా ఖాతా నుంచి వెళ్తే నాకు దాదాపు 6 లక్షలు టీసీఎస్‌లో ఇరుక్కుంటుంది బావగారూ, ఎవరి సగం వాళ్లు భార్యాభర్తలిద్దరి పాన్‌ల మీద పంపుకుంటే ఎవరికీ దాదాపు ఏమీ పడదు" అంటే చాలు, టీసీఎస్ మీదకి తోసేయండి, అది పడే తిట్లు ఎలాగూ పడుతూనే ఉంది. వాళ్లు ఒప్పుకోకుండా మళ్ళీ తర్వాత చూద్దాం అంటే నాకు ఇంకో ఉత్తరం రాయండి, అప్పుడు మార్చి 20కి ముందే ఇంకో లెక్క వేసుకుందాం.